ప్రయాణంలో బట్టల వాసన: అత్తరు కొడితే పోదు, తడి పోతేనే పోతది

జమాత్‌లో మూడు రోజులు తిరిగొచ్చిన మనిషి ఇంట్లో బ్యాగు జిప్పు తీయగానే ముందు బయటికొచ్చేది వాసన. మూడు రోజులకే ఇట్లుంటే నలభై రోజుల చిల్లాకు, నాలుగు నెలలకు వెళ్లేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. బట్టలు ఉతకలేదా అంటే ఉతికారు. సబ్బు పెట్టారు, జాడించారు, ఆరేశారు కూడా. అయినా కుర్తా వేసుకుని ఒక గంట ఎండలో నడిచేసరికి అదే పులిసిన వాసన మళ్లీ తిరిగొస్తుంది.

సిద్దిపేటలో ఈ ఇబ్బంది చాలా ఇళ్లకు తెలుసు. హైదరాబాద్ నుంచి కరీంనగర్, రామగుండం వైపు పోయే రాజీవ్ రహదారి ఊరి మీదుగానే పోతుంది. లారీ, డీసీఎం, ట్యాక్సీ నడుపుకుని బతికే కుటుంబాలు ఇక్కడ తక్కువేం లేవు. డ్రైవర్, క్లీనర్ వారం పది రోజులు క్యాబిన్‌లోనే తిని, క్యాబిన్‌లోనే పడుకుంటారు. 2023 అక్టోబర్ 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు మొదలైంది. సికింద్రాబాద్ చేరితే అక్కడి నుంచి అజ్మీర్ అయినా ఢిల్లీ అయినా బ్యాగు సర్దుకుని వెళ్లిపోవడమే. ఉమ్రాకు, హజ్‌కు పోయేవాళ్లు సరేసరి.

ఇది అందం కోసం పడే తిప్పలు కాదు. జమాత్ నమాజ్‌లో భుజానికి భుజం ఆనించి నిలబడాలి. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని ఆ వాసనతో మస్జిద్‌కు రావద్దని హదీసులో ఉన్న సంగతి చిన్న పిల్లలకు కూడా తెలుసు. పక్కవాళ్లకు ఇబ్బంది కావద్దనేదే అందులో విషయం. చొక్కా వాసనకు మొహమాటపడి చివరి సఫ్‌లో మూలకు నిలబడే డ్రైవర్లు ఉన్నారు. ఆ మొహమాటంతో మస్జిద్ మెట్లు ఎక్కకుండా బండిలోనే చదువుకునేవాళ్లు కూడా ఉన్నారు. నాలుగు పద్ధతులు తెలిస్తే తీరిపోయే ఇబ్బంది ఇది.

వాసన ఎక్కడి నుంచి వస్తుంది

అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసనే ఉండదు. చర్మం మీద, బట్ట మీద ఉండే బ్యాక్టీరియా ఆ చెమటను, ఒంటి జిడ్డును తిని కొన్ని రకాల ఆమ్లాలు వదులుతుంది. ముక్కుకు తగిలేది ఆ ఆమ్లాలే. బ్యాక్టీరియాకు కావలసినవి మూడు: జిడ్డు, వెచ్చదనం, తడి. ప్రయాణంలో మూసిన బ్యాగులో ఈ మూడూ ఒకే చోట దొరుకుతాయి.

ఉతికినా తిరిగొచ్చే ఆ ముక్కిపోయిన వాసన మీద జపాన్ పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఉతికి ఇంట్లోపలే ఆరేసిన బట్టల్లో మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా వాళ్లకు దొరికింది. తడి మసిగుడ్డలో వచ్చే లాంటి కంపు పుట్టించేది అదేనని చెప్పారు. అది బట్ట ఆరినా బతుకుతుంది, ఎండలో ఉండే అతినీల లోహిత కిరణాలను కూడా కొంతవరకు తట్టుకుంటుంది. మళ్లీ చెమట తగలగానే పని మొదలుపెడుతుంది. పొద్దున శుభ్రంగా అనిపించిన చొక్కా జుహర్ నమాజ్ వేళకు కంపు కొట్టడానికి కారణం ఇదే. కాబట్టి ‘ఎండలో వేస్తే అన్నీ పోతయి’ అనే మాట సగమే నిజం. తాజాగా ఉతికిన బట్టను ఎండ కాపాడుతుంది. వాసన ముదిరి పట్టేసిన బట్టకు ఒక్క ఎండ సరిపోదు.

బట్ట రకం కూడా ముఖ్యం. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో 26 మందితో వ్యాయామం చేయించి, వాళ్ల టీషర్టులు తీసుకుని పరీక్షించారు. కాటన్ కన్నా పాలిస్టర్ టీషర్టులు ఎక్కువ కంపు కొట్టాయి. మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా పాలిస్టర్ మీద బాగా పెరిగింది. పాలిస్టర్ నీటిని పీల్చదు గానీ జిడ్డును మాత్రం గట్టిగా పట్టుకుంటుంది, మామూలు సబ్బుకు త్వరగా వదలదు. ‘తొందరగా ఆరుతది, ఇస్త్రీ అక్కర్లేదు’ అని జెర్సీ టీషర్టులు నాలుగు సర్దుకుని పోయేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. బయట వేసుకునే ప్యాంటు టెర్రికాట్‌ది అయినా ఫర్వాలేదు. ఒంటికి అంటుకుని ఉండే బనీను, లోపలి బట్టలు, సాక్సులు మాత్రం పల్చటి కాటన్‌వే మంచివి.

వాసన వేరు, నాపాకీ వేరు

ఈ రెండింటినీ కలిపేసి అనవసరంగా ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. మనిషి చెమట నాపాక్ కాదు. చెమట వాసన వచ్చే కుర్తా తొడుక్కున్నంత మాత్రాన నమాజ్ చెల్లకపోదు. అట్లాగే నజాసత్ అంటిన బట్టను పద్ధతి ప్రకారం కడిగాక కూడా ఎంతకీ పోని వాసనో మరకో మిగిలితే దానికి మినహాయింపు ఉందని హనఫీ ఉలమా చెప్తారు. ఇంకా అనుమానం ఉంటే మొహల్లా ఇమామ్ సాబ్‌ను అడిగితే సరిపోతుంది.

తిరగేసి చూసినా అంతే. ఘుమఘుమలాడే బట్ట శుభ్రమైన బట్ట అని కాదు. చాలామంది చేసే పని, వాసనొచ్చే కుర్తా మీద అత్తరు రాసుకోవడం. అత్తరు నూనె సరుకు. బట్ట మీద ఉన్న జిడ్డుకు ఇంకింత నూనె కలుస్తుంది, దుమ్ము పట్టుకుంటుంది, కాలర్ దగ్గర పసుపు మరక పడుతుంది. చెమట కంపు, అత్తరు కలిసి వచ్చే మూడో వాసన బస్సులో పక్క సీటు మనిషికే తెలుస్తుంది. అత్తరు రాయాల్సింది స్నానం చేసిన ఒంటికి, ఉతికిన బట్టకు.

ఒక్క బకీటు నీళ్లతో ఉతకడం

మన దగ్గర ‘బట్టలు పిండుడు’ అంటే ఉతుకుడే. మాట అదే గానీ అసలైన పిండటాన్నే జనం సగం సగం చేస్తారు. దాని సంగతి తర్వాత.

ఇంట్లోలాగా వారానికోసారి ఉతికే పద్ధతి రోడ్డు మీద కుదరదు. విప్పిన బనీను, సాక్సులు, లోపలి బట్టలు ఆ రోజే, స్నానంతో పాటే ఉతికేయాలి. అయిదు నిమిషాల పని. కుర్తా పైజామా రోజు విడిచి రోజు. ఉతకడానికి వీల్లేని రోజు విప్పిన బట్టను ఉండచుట్టి బ్యాగులో కుక్కకుండా, ముందు తాడు మీదో కిటికీ దగ్గరో గంటసేపు గాలికి వేసి అప్పుడు విడి సంచిలో పెట్టాలి.

సబ్బు ఎక్కువేస్తే వాసన ఎక్కువ పోతుందనుకోవడం తప్పు. మస్జిద్ బకీటుకు ఒక పెద్ద చెంచా పౌడరు చాలు. రెండు చెంచాలు వేసి, ఉన్న నీళ్లతో ఒక్కసారే జాడిస్తే సబ్బు బట్టలోనే ఉండిపోతుంది. ఆ సబ్బు పొర జిడ్డును, దుమ్మును పట్టి ఉంచుతుంది. ఒక మూరెడు నురగ కన్నా రెండు బకీట్ల జాడింపు మేలు. సువాసన కోసం వేసే సాఫ్ట్‌నర్లు కూడా ఇదే బాపతు. పాలిస్టర్ మీద, తువాళ్ల మీద పొర కట్టి తర్వాత ఇంకా ఇబ్బంది పెడతాయి.

నీళ్ల తేడా కూడా గమనించాలి. సిద్దిపేటలో నల్లా నీళ్లకు అలవాటు పడ్డ చేతికి దారిలో బోరు నీళ్లు తగిలితే సబ్బు నురగే రాదు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే బట్టల సబ్బు వాటితో కలిసి తెల్లటి మడ్డిలా మారి బట్టకే అంటుకుంటుంది. అట్లాంటి చోట బిళ్ల సబ్బు కన్నా డిటర్జెంట్ పౌడర్ నయం. చిటికెడు బట్టల సోడా కలిపితే ఇంకా నయం.

నానబెట్టడం అరగంట, మహా అయితే గంట. రాత్రి నానేసి ఫజర్ తర్వాత ఉతుకుదామంటే ఎండాకాలంలో ఆ బకీటే పులుస్తుంది. తీసేయాలనుకున్న వాసనను మనమే తయారు చేసినట్టు.

సోడా ముందు, సిర్కా చివర

వంట సోడా, సిర్కా రెండూ వాసనకు మంచివని అందరూ చెప్తారు. ఏది ఎప్పుడు వాడాలో మాత్రం చెప్పరు. రెండూ ఒకేసారి కలిపితే బుస్సుమని పొంగుతుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఒకదాని బలం ఒకటి తినేసి మిగిలేది ఉప్పు నీళ్లలాంటిదే. పెట్టిన డబ్బు దండగ.

చెమట వాసన ఆమ్లాల వల్ల వస్తుందని పైన చెప్పుకున్నాం. సోడా క్షారం. ఆ ఆమ్లాలు క్షారంతో కలిస్తే నీటిలో కరిగే లవణాలవుతాయి, జాడింపులో కొట్టుకుపోతాయి. అందుకే సోడా నానబెట్టే నీళ్లలో వేయాలి, బకీటుకు రెండు మూడు చెంచాలు. ప్రయాణానికి వంట సోడా ఒక చిన్న డబ్బాలో పోసుకుంటే పొడి సరుకు కాబట్టి బ్యాగులో ఒలికే భయం లేదు. బట్టల సోడా ఇంకా ఘాటు. చేతులు మంటపుడతాయి, ఉన్ని బట్టలకు పనికిరాదు.

సిర్కా చివరి జాడింపుకు. బకీటు నీళ్లకు అర కప్పు తెల్ల సిర్కా. మిగిలిన సబ్బును, బోరు నీళ్ల సున్నపు పొరను వదిలిస్తుంది. బట్ట ఆరాక సిర్కా వాసన ఉండదు. సిర్కా దొరకని చోట రెండు నిమ్మకాయలు పిండినా కొంత పని చేస్తుంది గానీ రంగు బట్టల మీద నిమ్మరసం పడి ఎండ తగిలితే రంగు వెలిసిపోవచ్చు. తెల్ల కుర్తాలకైతే ఆ భయం లేదు.

పటిక రాయి సంగతి కూడా ఇక్కడే. స్నానం తర్వాత తడి చంకకు పటిక రుద్దుకోవడం పాత పద్ధతి. అది బ్యాక్టీరియాను తగ్గిస్తుంది, బట్టకు వాసన చేరడమే తగ్గుతుంది. మంగలి షాపులో గడ్డం గీసాక రుద్దే రాయే అది. కిరాణా దుకాణంలో చవకగా దొరుకుతుంది, నెలలకొద్దీ వస్తుంది. సెంటు డబ్బాల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే లెక్కే కాదు.

అసలు పని ఆరబెట్టడంలో ఉంది

ఉతికిన బట్ట నాలుగైదు గంటల్లో ఆరిపోతే వాసన సమస్య చాలా వరకు లేనట్టే. పన్నెండు గంటలు నెమ్ముగా ఉంటే ఎంత మంచి సబ్బు పెట్టినా దండగే. ప్రయాణంలో పద్ధతులన్నీ ఈ తడి గంటలు తగ్గించడానికే.

మొదటిది పిండటం. చేత్తో ఎంత మెలిపెట్టినా బట్టలో నీళ్లు ఉంటాయి. పొడి తువాలు పరిచి, పిండిన కుర్తాను దాని మీద వేసి, రెండూ కలిపి చాపలా చుట్టి, మోకాలితో అదిమి మెలిపెడితే తువాలు చాలా నీటిని లాగేస్తుంది. ఆరే సమయం సగానికి సగం తగ్గినా ఆశ్చర్యం లేదు. తర్వాత ఆ తువాలును కూడా విప్పి ఆరేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. రెండో రోజుకు బ్యాగంతా వాసన పట్టించేది ఆ తువాలే. ప్రయాణానికి మందపాటి టర్కీ తువాలు కన్నా పల్చటి నేత తువాలు మంచిది. ఒళ్లు తుడుచుకోవచ్చు, బట్ట చుట్టొచ్చు, రెండు గంటల్లో ఆరుతుంది.

రెండోది గాలి. వేడి కన్నా గాలి ఆడటం ముఖ్యం. తడి బట్ట చుట్టూ ఉన్న గాలి తేమతో నిండిపోతే ఆరడం ఆగిపోతుంది. ఆ గాలి కదిలిపోయి కొత్త గాలి రావాలి. బట్టకు బట్టకు మధ్య జానెడు సందు ఉండాలి. కుర్తాను మధ్యకు మడిచి తాడు మీద వేయకుండా హ్యాంగర్‌కు తగిలిస్తే లోపలి నుంచి కూడా గాలి పోతుంది. ప్యాంట్ల జేబులు బయటికి తీయాలి, చంకలు, కాలర్ బయటికి వచ్చేలా తిరగేయాలి. చివరికి ఆరేవి అవే. చేతితో ముట్టి చూడాల్సింది కూడా అక్కడే, వీపు మీద కాదు.

జమాత్‌తో మస్జిద్‌లో దిగినవాళ్లు వజూఖానా దగ్గర సబ్బు నురగ చేసి, నమాజ్‌కు వచ్చేవాళ్ల దారిలో బట్టలు వేలాడదీస్తే ఆ ఊరివాళ్లకు ఇబ్బంది. ముఅజ్జిన్ సాబ్‌నో కమిటీవాళ్లనో అడిగితే వెనక వైపో, మిద్దె మీదో చోటు చూపిస్తారు. ఉతికే వేళ ఫజర్ తర్వాత. ఇషా తర్వాత ఉతికితే రాత్రంతా తడే.

లారీవాళ్లకు వేరే సౌకర్యం ఉంది, బండి నడుస్తుంటే గాలి ఉచితం. పొద్దున దాబా నల్లా కింద స్నానంతో పాటు ఉతికి, క్యాబిన్ వెనక భాగంలో అడ్డంగా తాడు కట్టి ఆరేసి, అద్దాలు దించితే మధ్యాహ్నానికి బనీను లుంగీ ఆరిపోతాయి. అద్దానికి అడ్డంగా, పక్క బండి కనిపించకుండా మాత్రం కట్టొద్దు. బయట కట్టిన బట్ట ఆరుతుంది గానీ రోడ్డు దుమ్ము, ముందు బండి పొగ అంతా పట్టేస్తుంది. వేడిగా ఉంటుందని ఇంజన్ మీదో సైలెన్సర్ దగ్గరో వేయడం అగ్గితో ఆట.

వానాకాలం కష్టకాలమే. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు గాలిలోనే నెమ్ము ఉంటుంది. అప్పుడు ఫ్యాను కింద ఆరేయాలి, కిటికీ కొంచెం తెరవాలి. ఏసీ గది దొరికితే అది ఇంకా మేలు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, రిమోట్‌లో డ్రై అనే మోడ్ ఉన్నది అందుకే. ముప్పావు వంతు ఆరిన బట్టను ఇస్త్రీ బండి దగ్గర ఇస్తే మిగతా తడి పోవడమే కాదు, ఆ వేడికి చాలా బ్యాక్టీరియా చస్తుంది. ఇస్త్రీ అయిన బట్టను అక్కడికక్కడే మడిచి బ్యాగులో పెట్టకుండా ఆవిరి పోయేదాకా పది నిమిషాలు వేలాడదీయాలి.

ఇంకో నియమం: తెల్లారి ప్రయాణం ఉంటే ముందు రాత్రి ఉతకొద్దు. ఆరీ ఆరని బట్టలతో బస్సెక్కడం కన్నా మాసిన పొడి బట్టలతో ఎక్కడం మేలు.

ఆడవాళ్ల బట్టలు: ఎవరూ మాట్లాడని సంగతి

ప్రయాణంలో ఎక్కువ ఇబ్బంది పడేది ఆడవాళ్లే. బయట తాడు మీద లోపలి బట్టలు వేయలేక దుపట్టా కింద దాచి ఆరేస్తారు. లేకుంటే బాత్రూమ్ తలుపు వెనక. గాలి లేదు, వెలుతురు లేదు. ఆ బట్ట ఎన్నడూ పూర్తిగా ఆరదు. చల్లగా ఉందా తడిగా ఉందా అని తెలియకుండానే తొడుక్కుంటారు. వాసన ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు, నెమ్ము బట్టతో దురద, ఫంగస్ ఇన్ఫెక్షన్లు కూడా తోడవుతాయి. నెలసరి గుడ్డలు వాడేవాళ్లకు ఇది ఇంకా ప్రమాదం.

కుటుంబంతో వెళ్తే దీనికి దారి చూపాల్సిన బాధ్యత మగవాళ్ల మీద కూడా ఉంది. గది తీసుకునేటప్పుడే కిటికీ ఉందా, ఫ్యాను ఉందా అని చూడటం, పొద్దున ఒక గంట గదిని వాళ్లకు వదిలేయడం పెద్ద పనేం కాదు. దాచి ఆరేయక తప్పకపోతే పైన కప్పేది మందపాటి దుపట్టా కాకుండా పల్చటి జాలీ బట్ట అయితే గాలి ఆడుతుంది. లోపలి బట్టలు రెండు జతలు ఎక్కువే పెట్టుకోవాలి. చీరలు, సూట్లు తగ్గించుకున్నా ఫర్వాలేదు.

బుర్ఖా, అబాయా ఎక్కువగా పాలిస్టర్ బట్టే. లోపల ఇంకో జత బట్టలుంటాయి కాబట్టి అది మాసదనుకుంటారు. బస్సులో ఆరు గంటలు కూర్చుంటే చంకల్లో, మెడ దగ్గర చెమటంతా అందులోకే దిగుతుంది. గదికి చేరగానే విప్పి తిరగేసి హ్యాంగర్‌కు వేయాలి. రోజూ మొత్తం ఉతకనక్కర్లేదు. చంకల భాగం వరకు సోడా నీళ్లతో రుద్ది, మంచి నీళ్లతో తుడిచి, ఫ్యాను కింద ఆరేస్తే చాలు. నల్ల బట్ట కాబట్టి నేరుగా ఎండలో వేస్తే రంగు దిగుతుంది, నీడలో గాలికి వేయాలి. నికాబ్, హిజాబ్ అండర్ క్యాప్ మాత్రం రోజూ ఉతకాల్సిందే. నోటి ఆవిరి, తల నూనె రెండూ వాటికే తగులుతాయి.

బ్యాగు, బూట్లు

బట్టలు ఎంత శుభ్రం చేసినా బ్యాగే వాసన కొడితే ఏం లాభం. మాసినవి, ఉతికినవి ఒకే అరలో కలపొద్దు. మాసినవాటికి బట్ట సంచి. ప్లాస్టిక్ కవరు తడి బట్టను ఓ రెండు గంటలు మోయడానికే, గమ్యం చేరగానే తీసి ఆరేయాలి. బ్యాగు అడుగున పాత పేపరు రెండు పొరలు వేస్తే నెమ్మును పీలుస్తుంది, మూడు రోజులకోసారి మార్చాలి. ఉర్దూ, అరబీ పేపర్లలో ఆయతులు, అల్లాహ్ పేరు ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిని ఇట్లాంటి పనికి వాడకపోవడం మంచిది.

బూట్లలో కూడా రాత్రి పేపరు ఉండలు కుక్కి పెడితే పొద్దునకు తడి తగ్గుతుంది. చిటికెడు వంట సోడా చల్లి, పొద్దున దులిపేస్తే వాసన కూడా తగ్గుతుంది. మస్జిద్‌లో బూట్లు విప్పగానే సాక్సుల వాసన కార్పెట్‌కు పట్టేది, సజ్దాలో వెనక సఫ్ వాళ్ల మొహానికి తగిలేది. మూడు జతల సాక్సులు మార్చుకుంటూ పోతే ఈ సిగ్గు ఉండదు.

హజ్, ఉమ్రా ప్రయాణాల్లో

ఇహ్రామ్ నియ్యత్ చేశాక ఒంటికి గానీ బట్టకు గానీ సువాసన తగలకూడదు. కాబట్టి ఇహ్రామ్ బట్టలకు వాసన లేని సబ్బు ముందే వెతికి పెట్టుకోవాలి. ఇహ్రామ్ చాదర్లు ఉతుక్కోవచ్చు, మార్చుకోవచ్చు. ఒకసారి కట్టుకున్నాక విప్పొద్దనే భ్రమలో అదే చెమట చాదర్‌తో రోజులు గడిపే పెద్దవాళ్లున్నారు, బయల్దేరే ముందే వాళ్లకు చెప్పాలి. టర్కీ తువాలు రకం ఇహ్రామ్ కొత్తప్పుడు నీటిని సరిగా పీల్చదు. ఇంట్లోనే రెండు మూడుసార్లు వాసన లేని సబ్బుతో ఉతికి తీసుకెళ్తే చెమట బాగా లాగుతుంది.

మక్కా గాలి పొడిగా ఉంటుంది. 2024 జూన్‌లో హజ్ రోజుల్లో అక్కడ ఎండ 51 డిగ్రీలు దాటింది. ఆరేసిన బట్ట ఆరడానికి అక్కడ ఇబ్బంది లేదు, ఉతికే వీలు దొరకడమే ఇబ్బంది. జిల్‌హజ్ 8 నుంచి మినా, అరఫాత్, ముజ్దలిఫాల్లో తిరిగేటప్పుడు బాత్రూముల దగ్గర బారులు తీరి ఉంటారు, అక్కడ బట్టలు ఉతకాలనుకోవద్దు. ఆ అయిదారు రోజులకు మగవాళ్లు ఇంకో జత ఇహ్రామ్, ఆడవాళ్లు రెండు జతల పల్చటి కాటన్ సూట్లు చిన్న బ్యాగులో పెట్టుకుని, విప్పినవి గాలికి ఆరేసి మడుచుకుంటే గడిచిపోతుంది.

డీజిల్, పాలు, పిల్లల మూత్రం

డీజిల్ ఒలికిన చొక్కాను మిగతా బట్టలతో కలిపి ఉతికితే అన్నింటికీ అంటుతుంది. ముందు పేపరుతో అద్ది, నిప్పుకు దూరంగా బయట గాలికి రెండు మూడు గంటలు వేలాడదీయాలి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ మరక మీద నేరుగా రుద్ది, పావుగంట ఆగి, వేడి నీళ్లతో విడిగా ఉతకాలి. వాసన పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ చేయించొద్దు, అంటుకునే ప్రమాదం ఉంది.

పాలు, వాంతి, మూత్రం దీనికి పూర్తిగా తిరకాసు. వీటికి ముందు చల్లటి నీళ్లే. మొదటే వేడి నీళ్లు పోస్తే పాలల్లోని మాంసకృత్తులు బట్టకు గట్టిగా పట్టేస్తాయి. చల్ల నీళ్లతో జాడించాక సోడా నీళ్లలో అరగంట, ఆ తర్వాత సబ్బు. మూత్రం అంటిన బట్టకు బ్లీచింగ్ వేయొద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఘాటు విష వాయువు వస్తుంది. బ్లీచింగ్‌లో సిర్కా కలపడం కూడా అంతే ప్రమాదం, వచ్చేది క్లోరిన్. కిటికీ లేని చిన్న బాత్రూములో అయితే ఊపిరాడదు.

పసిపిల్లల బట్టల మధ్య కలరా ఉండలు పెట్టే అలవాటు మానుకోవాలి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు ఆ నాఫ్తలిన్ తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలి, కామెర్లు వచ్చే ప్రమాదముంది. లోపం ఉన్న సంగతి చాలా ఇళ్లలో ముందుగా తెలియదు కూడా.

ముదిరిపోయిన బట్టను బాగు చేయడం

ఎన్నిసార్లు ఉతికినా వాసన తిరిగొస్తున్న కుర్తాను పారేయక్కర్లేదు. ఇంటికి చేరాకో, పొయ్యి దొరికిన చోటో ఒకరోజు దాని కోసం పెట్టాలి. కాటన్ బట్ట అయితే చెయ్యి పెట్టలేనంత వేడి, అంటే 60 డిగ్రీలు దాటిన నీళ్లలో సోడా, డిటర్జెంట్ వేసి గంట నానబెట్టి ఉతకాలి. పాత రోజుల్లో చాకళ్లు బట్టలను సోడాతో ఆవిరికి ఉడికించేవాళ్లు. భట్టీ పెట్టడం అంటే అదే. ఊరందరి బట్టలూ కలిసినా వాసన మిగిలేది కాదు. రంగు బట్టలు, పాలిస్టర్ అంత వేడి తట్టుకోవు. వాటికి దుకాణాల్లో దొరికే ఆక్సిజన్ బ్లీచ్ పౌడర్ గోరువెచ్చటి నీళ్లలో కలిపి, డబ్బా మీద రాసినంత సేపు నానబెట్టాలి. చివరి జాడింపు సిర్కాతో. తర్వాత ఎర్రటి ఎండలో, తిరగేసి.

బాగైందో లేదో తెలుసుకోవడానికి పొడి బట్ట వాసన చూస్తే లాభం లేదు. చంక భాగం మీద నాలుగు చుక్కల గోరువెచ్చటి నీళ్లు చల్లి, ఒక గంట ఆగి ముక్కు దగ్గర పెట్టుకోవాలి. వాసన రాకపోతే అది మళ్లీ బ్యాగులో పెట్టుకోదగ్గ బట్టే. వస్తే ఇంకోసారి సోడా నీళ్లలో వేయాలి. రెండుసార్లకు కూడా లొంగని పాలిస్టర్ టీషర్టును బండి తుడిచే గుడ్డ కింద మార్చుకోవడమే.